సౌండ్ అనే మాటకున్న అర్థాలన్నీ

సౌండ్ అనే ఇంగ్లీషు మాటకు నిఘంటువులో ఉన్న అర్థాలన్నీ నల్లరాయిపాడులో శ్రావణమాసం మొదటి సోమవారం నుంచి ఒకేసారి అమలులోకి వచ్చాయి.

అంతకుముందు చాలాకాలం ఒక వాదం నడిచింది. ఊరి పక్క కొండను పిండి చేస్తున్న రాతి క్రషర్‌ది నాయిసా, సౌండా అన్నది ఆ వాదం. నాయిస్ అయితే ఆపాలి. సౌండ్ అయితే సాగనివ్వాలి. పైనుంచి నిపుణులు వచ్చి, కొండకు ఎదురుగా షామియానా వేయించుకుని, చెవుల్లో దూది పెట్టుకుని శ్రద్ధగా విని, అది సౌండేనని తేల్చారు. తీర్పు అమలు చేద్దామని నిఘంటువు తెరిచేసరికి ఆ మాటకు బోలెడు అర్థాలు కనపడ్డాయి. శబ్దం అని ఒకటి. ఆరోగ్యంగా ఉన్న అని ఒకటి. గాఢమైన నిద్రకు ముందు వాడేది ఇంకొకటి. నీటి లోతు చూడటం, రెండు నేలల మధ్య పారే నీటిపాయ, ఇవి కూడా ఉన్నాయి. ఒక అర్థాన్ని అమలు చేసి మరొక అర్థాన్ని వదిలేస్తే వివక్ష అవుతుందని న్యాయ సలహాదారులు అన్నారు. అందుకని వేటినీ వదల్లేదు.

అర్థాల అమలు అధికారిగా వరాహమూర్తి అనే ఆయన వచ్చాడు. మంచివాడు. ఎవరినీ కసురుకోడు. స్కూటరు దిగీ దిగగానే ఊరికీ క్రషర్‌కూ మధ్య పారే పిల్లకాలువను చూసి, రెండు నేలల మధ్య ఉంది గనక అది కూడా సౌండే అవుతుందని చెప్పి, క్రషర్‌కు అప్పగించాడు. పేలుళ్ళకు బావులు ఎండిపోతున్నాయని ఊరివాళ్ళు మొరపెట్టుకుంటే ప్రతి బావిలోకీ తొంగిచూసి, "లోతు పెరిగిందండీ, సంతోషం" అన్నాడు. జనం కాసేపు గొణిగి ఇళ్ళకు పోయారు. ప్రభుత్వం ఇంతకంటే విచిత్రమైన పనులు చేయడం వాళ్ళు చూశారు.

సలోమికి ఈ సంగతులన్నీ కుట్టుమిషను దగ్గరే తెలిశాయి. ఆమె జాకెట్లు కుడుతుంది. కాళ్ళు మిషను మీద లేకపోయినా ఆడుతూనే ఉంటాయి. కూర్చుంటే లేవాలనిపిస్తుంది, లేస్తే ఎక్కడికైనా పోవాలనిపిస్తుంది, పోతే ఇంట్లో ఏదో మరిచిపోయినట్టుంటుంది. ఆమె భర్త ఏసోబు క్రషర్ దవడల్లోకి రాళ్ళు అందించే పని చేసేవాడు. కూతురు మెర్సీ పక్క ఊళ్ళో హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. ఏసోబుది పెద్ద గొంతు. క్రిస్మస్‌కు వీధుల్లో పాడుతూ పోతే వెనక వీధి వాళ్ళు కూడా లేచి దీపాలు పెట్టుకునేవారు. ఏడాదిగా ఆ గొంతులోంచి పాటకు బదులు దగ్గు వస్తోంది.

ఒకరోజు మధ్యాహ్నం వరాహమూర్తి గుమ్మంలో నిలబడి మర్యాదగా అన్నాడు. "అమ్మా, క్రషర్ నడుస్తోంది గదా. మీరింకా మెలకువగా ఉన్నారేమిటి?"

"పట్టపగలు సార్. పెళ్ళివాళ్ళ జాకెట్లు ఇయ్యాల్సినవి ఉండాయి."

"సౌండ్ ఉన్నప్పుడు గాఢనిద్రేనమ్మా. అది కూడా అర్థాల్లో ఉంది. మీ వీధిలో అందరూ పడుకున్నారు."

సలోమి వీధిలోకి చూసింది. నిజమే. అరుగుల మీద, మంచాల మీద, చింతపండు ఆరబోసిన చాప పక్కన జనం కళ్ళు గట్టిగా మూసుకుని పడుకున్నారు. రెప్పల కింద కనుగుడ్లు అటూ ఇటూ పరుగెడుతున్నాయి. ఆమె కూడా చాప మీద ఒరిగి కళ్ళు మూసుకుంది. వరాహమూర్తి ఆమె ఊపిరి కాసేపు విని, తృప్తిపడి, పక్కింటికి వెళ్ళాడు. ఆయన స్కూటరు మలుపు తిరగగానే ఆమె లేచి మిషను ముందు కూర్చుంది.

ఏసోబు దగ్గుతో పాటు నెత్తురు పడిన రోజున ఆమె అతన్ని మండలం ఆసుపత్రికి తీసుకుపోయింది. డాక్టర్ ప్రణవి ఇంకా చిన్నది. కళ్ళ కింద నీడలు మాత్రం పెద్దవాళ్ళకుండేవి. ఆమె స్టెతస్కోపును బల్ల మీదే ఉంచి "దగ్గండి" అంది.

దగ్గమంటే ఏసోబుకు కొదవా? బల్ల మీది మందుసీసాలు కదిలేటట్టు దగ్గాడు.

"మీకు వినపడిందా?" అని ప్రణవి సలోమిని అడిగింది.

"వినపడకేం మేడమ్? మా వీధి చివరిదాకా వినపడుద్ది."

"అయితే సౌండే. ఊపిరితిత్తులు బాగున్నట్టు లెక్క."

"నెత్తురు పడతంది మేడమ్!"

"దగ్గితేనే గదా పడేది? దగ్గుకు సౌండ్ ఉంది. దాని వెంట వచ్చేదాన్ని మేము వేరుగా చూడకూడదు."

సలోమి కదలకుండా నిలబడింది. ఆమె కదలకుండా నిలబడటం ఏసోబు పెళ్ళయినప్పటినుంచీ చూడలేదు. అతను ఆమె మోచెయ్యి పట్టుకుని "పదమ్మే" అన్నాడు. వాళ్ళు తలుపు దాటబోతుంటే ప్రణవి తల ఎత్తకుండా అంది. "నేను చదువుకున్నది ఇది కాదమ్మా. ఇప్పుడు అమల్లో ఉన్నది మాత్రం ఇదే."

మర్నాడు సలోమి పంచాయతీ ఆఫీసుకు పోయి వరాహమూర్తి ఎదుట నిలబడింది. ఆయన కుర్చీ చూపించాడు. కూర్చుంది. లేచింది. మళ్ళీ కూర్చుంది.

"చప్పుడు చేసేవోళ్ళందరూ ఆరోగ్యంగా ఉన్నోళ్ళే అంటన్నారు గదా సార్. మరి రోగమొచ్చినోళ్ళు ఎవురు?"

ఆయన ముఖం వెలిగింది. అంత మంచి ప్రశ్న ఆ ఊళ్ళో ఆయన్ను ఎవరూ అడగలేదు. "చప్పుడు లేనివాళ్ళమ్మా. నిశ్శబ్దంగా ఉన్నవాళ్ళను ఆసుపత్రిలో చేర్చుకోవాల్సిందే. మంచం, మందు, ఆక్సిజన్, అన్నీ ఇస్తారు. అందులో ఏ లోటూ రానివ్వం."

"అట్టయితే మా ఆయన దగ్గకుండా ఉంటే చాలా?"

"దగ్గకుండా, మాట్లాడకుండా, మూలగకుండా. ఇంకో సంగతి. రేషన్ కార్డులో మీరిద్దరూ ఒకే కుటుంబం గదా. ఆయన మంచం మీద ఉన్నన్నాళ్ళూ మీరూ చప్పుడు చేయకూడదు. ఇంట్లో ఒకరి గొంతు వినపడినా ఇల్లంతా సౌండ్ కిందికే వస్తుంది. మీ అమ్మాయి హాస్టల్లో ఉంది గనక ఆ లెక్కలోకి రాదు."

సలోమి ఆ సాయంత్రమే మొదలుపెట్టింది. దగ్గు వచ్చేముందు రొమ్ములో ఒక గరగర పుడుతుందని, అది మెడ దాకా పాకుతుందని, నాలుక వెనక్కి మడిచి, పొట్ట బిగబట్టి, దాన్ని అక్కడే తొక్కిపట్టాలని ఆమె కనిపెట్టింది. ముందు తను చేసి చూపించింది. ఏసోబు మొదట నవ్వాడు. నవ్వు దగ్గయింది. దగ్గు నెత్తురయింది. ఆ తర్వాత నవ్వలేదు.

"పాటలు పాడేవోడికి దగ్గు మింగే పని పెట్టావా" అన్నాడు.

"బతికితే పాడుదువుగాని. మింగు."

కొన్నాళ్ళకు అతని దగ్గు ఒంట్లోనే ఉండిపోవడం నేర్చుకుంది. భుజాలు ఎగిరిపడేవి, మెడనరాలు పొంగేవి, కళ్ళల్లోంచి నీళ్ళు కారేవి. చప్పుడు మాత్రం బయటికి వచ్చేది కాదు. ఇది చూసి పక్కింటి పిచ్చమ్మ వచ్చింది. ఆమె కొండ కింద రాళ్ళు మోసి మోసి దగ్గు తెచ్చుకున్న ముసలిది, వెనకా ముందూ ఎవరూ లేనిది, నోరు ఊరంతటికీ పెద్దది. "నాక్కూడా నేర్పమ్మే, నీ పుణ్యాన పోతా" అంది. ఆ తర్వాత వీధిలో ఉన్న దగ్గులన్నీ వచ్చాయి. సలోమి ఇంటి ముందు మనుషులు వరసగా కూర్చుని, పొట్టలు బిగబట్టి, నిశ్శబ్దంగా ఎగిరిపడుతుండేవారు. రోడ్డున పోయేవాళ్ళు అదేదో ప్రార్థన అనుకుని చేతులు జోడించేవారు.

ఆసుపత్రిలో రెండోసారి ప్రణవి ఏసోబును కుర్చీలో కూర్చోబెట్టి పేరడిగింది. అతను చెప్పలేదు. ఊరడిగింది. చెప్పలేదు. ఆమె లేచి వెనక్కి పోయి, ఉన్నట్టుండి ఒక స్టీలు పళ్ళేన్ని అతని కుర్చీ వెనక గచ్చు మీదికి జారవిడిచింది. గదిలో ఉన్నవాళ్ళంతా "అమ్మా" అన్నారు. ఏసోబు అనలేదు. సలోమి అనలేదు. ఆమె కాలి బొటనవేళ్ళు మాత్రం చెప్పుల్లో గట్టిగా ముడుచుకున్నాయి.

"చేర్చుకుంటున్నాం" అంది ప్రణవి. ఆమె గొంతులో సంతోషం దాగలేదు. వంగి పళ్ళెం తనే తీసుకుంది.

ఆ వార్డు ఒక విచిత్రమైన చోటు. మంచాల నిండా మనుషులు, చిన్న చప్పుడు కూడా లేదు. మంచాలు మాత్రం అప్పుడప్పుడూ ఊగేవి. ఏ మంచం ఊగితే ఆ మంచం మీది మనిషికి దగ్గు వచ్చినట్టు. నర్సులు చెప్పుల్లేకుండా నడిచేవారు. మందులు మంచివే ఇచ్చారు. ఆక్సిజన్ పెట్టారు. ఏసోబు ముఖంలో కాస్త రంగు తిరిగింది. వాళ్ళిద్దరూ అరచేతుల్లో వేళ్ళతో మాట్లాడుకునేవారు, వేళ్ళతోనే పోట్లాడుకునేవారు. ఒకరోజు మధ్యాహ్నం ఏసోబు గొట్టం కొంచెం పక్కకు జరిపి, పెదాలు మాత్రమే కదిలిస్తూ ఒక క్రిస్మస్ పాట పాడాడు. వార్డులో అందరికీ అర్థమయింది. తనూ చేరి చివరి మంచం మీద ఉన్న పిచ్చమ్మ చేతులు తగలనియ్యకుండా చప్పట్లు కొట్టింది.

సలోమికి మాత్రం నిద్ర పట్టడం లేదు. మాట లోపల ఉండిపోతే మనిషి నిలవలేదని ఆమెకు అప్పుడు తెలిసింది. వార్డులో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగేది. కిటికీ తీసేది, మూసేది. తన రొమ్ములో కూడా గరగర పుడుతోందని గమనించింది. తనకు వచ్చిన విద్యే గనక దాన్ని అక్కడే తొక్కిపట్టేసింది. ఏసోబుకు చెప్పలేదు.

ఇలా ఉండగా క్రషర్ యాజమాన్యం రెండో క్రషర్ పెట్టుకుంటామని అడిగింది. ఊరి సమ్మతి కావాలన్నారు. ప్రజాభిప్రాయ సేకరణకు రోజు కుదిరింది. ఇంగ్లీషు మాటను అంత చక్కగా అమలు చేసినందుకు వరాహమూర్తికి మంచి పేరు వచ్చి, ప్రయోగాత్మకంగా కొన్ని తెలుగు సామెతలను కూడా ఆయనకు అప్పగించారు. మౌనం అర్ధాంగీకారం అన్నది అందులో మొదటిది.

పొద్దున్నే ఆసుపత్రి వ్యాన్ వచ్చి, నడవగలిగిన రోగులనూ వాళ్ళ మనుషులనూ ఎక్కించుకుంది. ఏసోబు నిద్రపోతున్నాడు. ముఖం గోడవైపు ఉంది. సలోమి అతని పాదాల మీద దుప్పటి సర్ది, ఒకసారి పట్టుకుని చూసి, వ్యాన్ హారన్ కొట్టడంతో గబగబా వెళ్ళిపోయింది.

పంచాయతీ ఆఫీసు ముందు కుర్చీలు వేశారు. వేదిక మీద వరాహమూర్తి, ఆయన పక్కన క్రషర్ తరఫున కళ్ళజోడు మనిషి, ఆ పక్కన డాక్టర్ ప్రణవి. ప్రణవిని ఎందుకు పిలిచారో ఆమెకే తెలిసినట్టు లేదు.

"రెండో క్రషర్ వల్ల మీకేమన్నా ఇబ్బందా? నిర్భయంగా చెప్పండి" అన్నాడు వరాహమూర్తి.

చెప్పాల్సినవాళ్ళంతా నోళ్ళు మూసుకుని కూర్చున్నారు. ప్రతి ఇంట్లోనూ ఒకరు మంచం మీద ఉన్నారు, లేదా మంచం కోసం చూస్తున్నారు. కుర్చీలు మాత్రం అక్కడక్కడా ఊగుతున్నాయి. సలోమి మోకాళ్ళు ఆడుతున్నాయి. సగం లేచింది.

ఆమెకంటే ముందే పిచ్చమ్మ లేచి నిలబడింది.

"ఏం జెప్పమంటావయ్యా? గోడలు పగిలినయ్యి. నీళ్ళు పొయినయ్యి. పసిపిల్లకాయలు పడుకున్నా రొప్పుతుండారు. ఒకటి చాల్లేదని రెండోది కూడా మా నెత్తిన పెడతావా? మాకొద్దయ్యా! వొద్దంటే వొద్దు!"

చాలా వారాల తర్వాత ఆ ఊరు విన్న తన మనిషి గొంతు అది. చెట్టు మీది కాకులు లేచిపోయాయి. వరాహమూర్తి ఆప్యాయంగా వంగి చూశాడు. "ఈ వయసులో ఏం గొంతమ్మా! ఇంతకంటే ఆరోగ్యం ఏం కావాలి? డాక్టరు గారూ, ఈవిడ సౌండ్. మంచం వేరొకరికి ఇప్పించండి." ప్రణవి తల ఊపింది.

సలోమి కూర్చుంది. మోకాళ్ళను చేతులతో నొక్కి పట్టుకుంది.

మిగిలినవాళ్ళ మౌనాన్ని వరాహమూర్తి లెక్కగట్టాడు. ఒక్కొక్కరిదీ అర్ధాంగీకారం. ఇద్దరిని కలిపితే ఒక పూర్తి అంగీకారం. భార్యాభర్తలైతే ఇంకా తేలిక, భార్య ఎలాగూ అర్ధాంగే అన్నాడు. కళ్ళజోడు మనిషి నవ్వాడు. జంటలు కలుపుకుంటూ పోతే చివరికి సలోమి ఒక్కతే మిగిలింది.

"ఈమె భర్త రాలేదా?"

"ఆయన వార్డులో ఉన్నాడు సార్" అంది ప్రణవి.

"మౌనంగానే ఉన్నాడా? ఒకసారి కనుక్కోండి. లెక్క కుదరాలి."

ప్రణవి ఫోన్ చేసింది. అవతలి మాట వింటూ ఆమె వేదిక మీద నుంచి సలోమి వైపు చూసి, చూపు తిప్పేసుకుంది. ఫోన్ ఒళ్ళో పెట్టుకుని మెల్లగా చెప్పింది. "పూర్తి మౌనం సార్. పొద్దున్నుంచీ. ఊపిరి చప్పుడు కూడా లేదంటున్నారు."

"చూశారా!" అన్నాడు వరాహమూర్తి, కళ్ళజోడు మనిషి వైపు తిరిగి. "సగం మౌనానికే అర్ధాంగీకారం. పూర్తి మౌనం గనక ఆయన ఒక్కడిదే పూర్తి అంగీకారం. ఈమెది సగం అదనం." తర్వాత ఆయనకు మాట అర్థమయింది. మంచివాడు గనక టోపీ తీసి, కాసేపు తల వంచుకుని నిలబడ్డాడు. ఆ నిలబడటంలోనే సభ ముగిసింది.

సలోమి లోపల ఏదో లేచింది. అది దగ్గు కాదు. రొమ్ములోంచి మెడ దాకా వచ్చింది, నోటిదాకా వచ్చింది. ప్రణవి వేదిక దిగి పరుగున వచ్చి ఆమె చేతులు రెండూ పట్టుకుంది.

"అమ్మా, విను. నీకూ దగ్గుందని నాకు తెలుసు. చూస్తూనే ఉన్నా. ఆయన మంచం ఖాళీ అయింది. కారుణ్యం కింద భార్యకే ముందు ఇవ్వాలని రూలుంది. సాయంత్రం లోపల నువ్వు దానిమీద ఉండాలి. ఈలోగా అరిచావంటే నేనేం చేయలేను."

సలోమి ఆమెను తోసేయబోయింది. అప్పుడు పిచ్చమ్మ వెనక నుంచి వచ్చి, సలోమి తలను తన పొట్టకు అదుముకుంది.

"ఇనవే తల్లీ. మెర్సీకి నువ్వన్నా మిగలాల. నాకు మంచం ఎట్టాగూ పొయ్యింది. ఇంక నా గొంతు నా ఇష్టం. నీ ఏడుపు నేను ఏడుస్తా. నువ్వు నోరెత్తమాక."

చాలాసేపటికి సలోమి ఒళ్ళు మెత్తబడింది.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే వార్డులో దుప్పటి మార్చారు. ఏసోబు పడుకున్న పల్లం పరుపులో అలాగే ఉంది. సలోమి అందులో ఒక పక్కకు ఒదిగి పడుకుంది. ప్రణవి గొట్టం అమర్చింది. కిటికీ కింద, ఆసుపత్రి ఆవరణలో, ఏసోబును ఎక్కించిన ట్రాలీ ఆటో బయలుదేరడానికి సిద్ధంగా ఉంది. దాని పక్కన పిచ్చమ్మ నిలబడి గుండెలు బాదుకుంటూ ఏడవడం మొదలుపెట్టింది. అతను పాడిన పాటలు చెప్పింది. పెళ్ళిలో తొడుక్కున్న చొక్కా చెప్పింది. సలోమి ఆటోకు అడ్డం పడి చెప్పాల్సినవన్నీ చెప్పింది. రోడ్డు మీద పోయేవాళ్ళు ఆగి, ఇంత గట్టిగా ఏడుస్తున్నదంటే ఈ ముసలామెకు ఏ జబ్బూ లేదని ఒకరితో ఒకరు చెప్పుకుని, తృప్తిగా ముందుకు సాగారు.

మధ్యలో పిచ్చమ్మకు ఆయాసం వచ్చి ఆగింది. చెప్పాల్సినవి అయిపోయాయేమో అన్నట్టు తల ఎత్తి పైకి చూసింది. సలోమి మంచం మీదే ఒక మోచేతిమీద లేచి, కిటికీ చువ్వల్లోంచి చెయ్యి బయటపెట్టి, ఇంకా ఉంది, కానియ్యమని సైగ చేసింది.